పంపకాల దావాలో ‘ప్రతివాది’ అంటే తప్పు చేసినట్టా?

ఆస్తి పంపకాల దావా సమన్లలో మీ అమ్మగారి పేరు పక్కన ‘4వ ప్రతివాది’ అని ఉందని, ఆవిడ ఏం తప్పు చేశారని అడిగారు కదా. తప్పేమీ చేయనక్కర్లేదండీ. దావా వేసినవారు వాది, ఎవరి మీద వేశారో వారు ప్రతివాది. ఇద్దరూ కక్షిదారులే. మనవాళ్లు హడలిపోయే ‘ముద్దాయి’ క్రిమినల్ కేసుల మాట, ఇక్కడ దానికి చోటు లేదు.

ఈ టెన్షన్ మా ఇంట్లోనూ నడిచింది. అమ్మమ్మ, తాతయ్య వీలునామా లేకుండా పోయారు. తాతయ్య కొన్న ఎకరంన్నర మాగాణి పంచమని పెద్ద మావయ్య దావా వేశాడు. గొడవంతా ఆయనకీ చిన్న మావయ్యకీ. అయినా కోర్టు అమీనా సమన్లు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ రెండో ప్రతివాది! “అన్నయ్య నా మీద కేసు పెట్టాడా?” అని ఏడుస్తూ, సంతకం పెట్టనని వంటింట్లోకి వెళ్లిపోయింది. (తీసుకోకపోయినా లాభం లేదు, తలుపుకి అంటించి పోతారు.) రాత్రి మావయ్యే ఫోన్ చేశాడు. “నిన్ను కలపకపోతే దావా నిలవదన్నాడే లాయరు.”

నిజమే. పంపకాల దావాలో వాటాదారులందరూ ఉండాలి. వాదితో కలిసి రానివాళ్లని ప్రతివాదుల వరసలో రాస్తారు. లాయర్లకైతే వాళ్లు డీ-1, డీ-2 (డీ అంటే డిఫెండెంట్, ప్రతివాదే), అంతే. రేపు అప్పీలుకి వెళ్తే ఈ పేర్లూ మారతాయి, వెళ్లినవారు అప్పీలుదారు అవుతారు.

మేం చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఊరికే పేరు కలిపారు కదా అని వాయిదాకి వెళ్లలేదు. బంట్రోతు మూడుసార్లు పిలిచాడట, అమ్మని ఎక్స్‌పార్టీ చేశారు, అంటే రాలేదు కాబట్టి తను లేకుండానే కేసు నడుపుతారన్నమాట. అది తీయించుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ ఖర్చు. మీరలా చేయకండి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా (దావాకి మన రాతపూర్వక జవాబు) వేయాలి, ఆలస్యానికి కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. అందులో ‘మా వాటా మాకు విడదీసి ఇవ్వాలి’ అని తప్పకుండా రాయించండి. పంపకాల్లో ప్రతివాది కూడా తన వాటా అడగొచ్చు, దానికి కోర్టు ఫీజు ఎంతో మీ లాయరే చెబుతారు.

ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీలో అమ్మకి మూడో వంతు వచ్చింది, రెండో ప్రతివాదిగానే. ఈసారి ఆ మాట చూసి ఏమీ అనలేదు, కాగితం మడిచి బీరువాలో పెట్టుకుంది.