పాత అకార్డ్ కొన్నారా? గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి చూడండి

అమెరికా వచ్చిన కొత్తలో చాలామంది కొనేది లక్ష మైళ్లు దాటిన హోండా అకార్డో, టొయోటా కామ్రీయో. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అమ్మేవాణ్ణి అడుగుతారు గానీ గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అడగరు. క్లచ్ తొక్కి గేర్లు వేసి వచ్చినవాళ్లం కదా, ఆటోమేటిక్‌లో క్లచ్చే ఉండదనుకుంటాం. ఉంటాయి, ఒకటి కాదు, చాలానే ఉంటాయి. అవి ఏటీఎఫ్ అనే ఆయిల్‌లో మునిగి, ఆ ఆయిల్ ఒత్తిడితోనే పట్టుకుంటాయి. వేడికి ఆయిల్ పాడైతే ఆ పట్టు జారుతుంది.

ఇక్కడ చెప్పేది 2003 నుంచి 2007 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల అకార్డ్ గురించి. కొనే ముందే బండి చల్లగా ఉండగా బ్రేక్ తొక్కిపట్టి పీ (పార్క్) నుంచి ఆర్‌ (రివర్స్)కి, అక్కణ్ణుంచి డీ (డ్రైవ్)కి మార్చి చూడండి. గేరు పడటానికి రెండు సెకన్లు దాటినా, దబ్బున కుదిపినా అనుమానించండి. రోడ్డు మీద ఇంజన్ అరుస్తూ వేగం పెరగకపోతే, లేదా మీటర్‌లో గేరు గుర్తు లైటు మిణుకుమిణుకుమంటే ఆ బండి వదిలేయండి. జారుతున్న గేర్‌బాక్స్‌ని కొత్త ఆయిల్ బాగు చేయదు. 2003, 2004 వీ6 (ఆరు సిలిండర్ల) అకార్డ్ అయితే సెకండ్ గేర్ వేడెక్కే లోపానికి 2004లో రీకాల్ వచ్చింది, అంటే బండ్లని వెనక్కి పిలిచి కంపెనీయే సరిచేసింది. బండి విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య)తో హోండా డీలర్‌ని అడిగితే ఆ పని జరిగిందో లేదో చెబుతారు.

బండి బాగుంటే ఆయిల్ మార్చండి. కొనాల్సింది హోండా డీడబ్ల్యూ-1 అనే ఏటీఎఫ్. పాత జెడ్-1 స్థానంలో వచ్చింది అదే. ‘అన్ని బండ్లకీ సరిపోతుంది’ అని రాసిన డబ్బాల జోలికి పోవద్దు. ఒకసారికి మూడు క్వార్టులు (క్వార్టు అంటే లీటరు కంటే కాస్త తక్కువ), ఆయిల్ కారేందుకు కింద విప్పే డ్రెయిన్ బోల్టుకి కొత్త 18 మిల్లీమీటర్ల వాషర్, సన్నటి గొట్టం ఉన్న గరాటు కావాలి. పది నిమిషాలు నడిపి ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక బండిని జాక్‌తో లేపి, స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాక్ మీద ఉన్న బండి కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. చాలా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో బండి పని చేయనివ్వరు, ముందే కనుక్కోండి.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంజన్ ఆయిల్ బోల్టుకి మామూలు ఆరు పలకల తల ఉంటుంది. గేర్‌బాక్స్ బోల్టు మధ్యలో నలుచదరపు గుంట ఉంటుంది, 3/8 అంగుళం రాట్చెట్ (తిప్పే పిడి) నేరుగా అందులో దిగుతుంది. ఒకదానికి బదులు ఇంకొకటి విప్పి, గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజన్‌లో ఆయిల్ రెట్టింపు పోసినవాళ్లు ఉన్నారు.

విప్పిన బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. దానికి అంటిన బూడిదరంగు ముద్దని వేళ్ల మధ్య రుద్ది చూడండి. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. రవ్వలు, ముక్కలు గుచ్చుకుంటే లోపల ఏదో విరుగుతోంది. ఆయిల్ గులాబీ రంగులో పాలలా కనిపిస్తే రేడియేటర్‌లో ఈ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పగిలి కూలంట్ కలిసిందన్నమాట. అప్పుడు బండి నడపకండి.

బోల్టుని తుడిచి, కొత్త వాషర్‌తో 36 పౌండ్-ఫీట్‌కి (టార్క్ రెంచ్ చూపించే బిగింపు కొలత) బిగించండి. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, ఉండే రంధ్రంలోంచి దాదాపు రెండున్నర క్వార్టులు పోయండి. ఎంత కారిందో కొలిచి అంతే పోయడం ఉత్తమం. ఎక్కువైతే నురుగు వచ్చి గేర్లు జారతాయి. తర్వాత రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా వేడి చేసి, సమతలంలో ఆపి, ఇంజన్ కట్టేసిన ఒకటి ఒకటిన్నర నిమిషం లోపల మట్టం చూడండి. డిప్‌స్టిక్ ఉన్న పాత కామ్రీలో మాత్రం ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు సలహా చెప్పుకుని తికమకపడేది ఈ తేడాతోనే.

మొత్తం పట్టేది దాదాపు ఏడు క్వార్టులు కాబట్టి ఒక్కసారి మారిస్తే మూడో వంతు చిల్లరే కొత్తదవుతుంది. కొన్ని రోజులు అన్ని గేర్లూ పడేలా నడుపుతూ ఇలా మూడుసార్లు చేస్తే దాదాపు ముప్పావు వంతు కొత్తదే. షాపువాళ్లు మెషిన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తామంటే ఒప్పుకోవద్దు, పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో అడ్డం పడవచ్చు. ఆ తర్వాత ప్రతి 30,000 మైళ్లకీ ఒకసారి మారిస్తే చాలు. 2006 నుంచి వచ్చిన అకార్డ్‌లో మీటర్ మీద సర్వీస్ కోడ్‌లో 3 కనిపిస్తే ఈ ఆయిల్ మార్చమనే అర్థం.

పాత ఆయిల్‌ని డ్రైనేజీలో పోయకండి. సీసాల్లో నింపి తీసుకెళ్తే ఆటోజోన్, ఓరైలీ లాంటి చాలా విడిభాగాల షాపులు ఉచితంగా తీసుకుంటాయి.