కాంతి తగ్గుదల ఒకటి విడిచి ఒకటి మారుతుంటే

టెస్ అనే అంతరిక్ష దూరదర్శిని (నక్షత్రాల కాంతి తగ్గుదలను బట్టి గ్రహాలను వెతికేది) కొలతల్లో ఒక నక్షత్రం కాంతి 1.7 రోజులకోసారి తగ్గుతోందని, తగ్గుదల ఒకసారి 1.2 శాతం, మరుసటిసారి 0.7 శాతం ఉంటోందని మీరు రాశారు. నక్షత్రానికి అడ్డొస్తున్న గ్రహంలాంటి వస్తువు వ్యాసార్థం నక్షత్ర వ్యాసార్థంలో నూరో వంతని లెక్కగట్టారు.

ముందు ఆ లెక్క సరిచేసుకోండి. అడ్డొచ్చిన వస్తువు కప్పేది వైశాల్యాన్ని కాబట్టి వర్గమూలం తీయాలి. 1 శాతం తగ్గుదలకు నక్షత్ర వ్యాసార్థంలో పదో వంతుండే వస్తువు కావాలి. సూర్యుడి ముందు గురుగ్రహం నిలిచినంత అన్నమాట. భూమి అయితే 0.0084 శాతమే కప్పగలదు.

అసలు చిక్కు లోతుల తేడాలో, అంటే కాంతి ఒక్కోసారి ఎంత తగ్గుతోందన్న దానిలో ఉంది. ఒకే గ్రహం ప్రతిసారీ దాదాపు ఒకే లోతు చూపాలి. ఆ తేడా కొలతల్లోని ఒడిదుడుకుల కంటే స్పష్టంగా పెద్దదైతే, నాకు తోచేది జంట నక్షత్రాలే. రెండూ ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. ఉష్ణోగ్రతలు వేరు కాబట్టి లోతులూ వేరు. అప్పుడు ఒక చుట్టుకు రెండు తగ్గుదలలు కాబట్టి అసలు ఆవర్తన కాలం 3.4 రోజులు. ఆ విలువతో గ్రాఫు మళ్లీ గీయండి, రెండు తగ్గుదలలూ విడివిడిగా కనిపిస్తాయి.

నక్షత్రాలైతే తగ్గుదల ఇంత స్వల్పమా అని అడుగుతారేమో. టెస్ ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పరుచుకుంటుంది. పొరుగు నక్షత్రాల వెలుగు అందులో కలిసి లోతును పలచన చేస్తుంది. గయా అంతరిక్ష దూరదర్శిని కొలిచిన నక్షత్రాల జాబితాలో పొరుగువాటిని వెతికి, ఒక్కో పిక్సెల్ కాంతిని విడిగా గీసి చూడండి. తగ్గుదల ఎక్కడ గాఢంగా ఉందో అక్కడే ఆ జంట ఉంటుంది. శ్రమ వృథా అనుకోకండి: ఇలాంటి జంటల నుంచే నక్షత్రాల ద్రవ్యరాశులు కచ్చితంగా తెలుస్తాయి.