అటకెక్కిన మిషనును దింపడం దండగేనా?

ప్రశ్న: "మా నాయనమ్మగారి కాలి కుట్టుమిషను ఇరవై ఏళ్ళుగా మూలన పడి ఉంది. చక్రం బిగుసుకుపోయింది. దాన్ని బాగుచేయించుకోవడం మంచిదా, లేక పాత ఇనుముకు వేసేసి కొత్త కరెంటు మిషను కొనుక్కోవడం మంచిదా?"

పాత ఇనుముకు మాత్రం వేయకండి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి, ఎందుకో తరువాత తీరికగా చెబుతాను. ఇదే ప్రశ్న 2019లో మా ఇంట్లోనూ పుట్టింది, అప్పుడు నాకు సలహా ఇచ్చిన పెద్దలందరూ పాత ఇనుము వైపే మొగ్గారు.

మాది కోనసీమ. మా అమ్మమ్మకు సింగర్ చేతి మిషను ఒకటి ఉండేది. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు రంగు తీగలు, ఆ తీగల మధ్య ఆడమనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న బొమ్మ. అది ఈజిప్టు స్ఫింక్సు అని నాకు కాలేజీలో చేరాక గానీ తెలియలేదు. అమ్మమ్మ లెక్కలో మాత్రం అది నరసింహస్వామివారి వైపు బంధువైన ఎవరో అమ్మవారు. అందుకని దసరాకు కత్తిపీటకూ పారకూ పూజ చేసే రోజున మిషనుకు పసుపు రాసి, ఆ అమ్మవారి నుదుట ప్రత్యేకంగా కుంకుమ బొట్టు పెట్టేది. వీధిలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు ఆ మిషను మీదే తయారయ్యేవి. 1996 నవంబరు తుఫానుకు ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు మా మావయ్య దాన్ని అటక మీదికి చేర్చాడు. నీళ్ళు మూడో రోజుకు తీశాయి గానీ, మన ఇళ్ళలో అటకెక్కిన వస్తువు తిరిగి దిగడం ఎంత అరుదో మీకు తెలియనిది కాదు.

ఇల్లు పడగొట్టి కట్టుకునే ముందు దాన్ని దింపాము. పిడి పట్టుకుని తిప్పబోతే గోడను తోసినట్టుంది. మావయ్య, "ఎందుకమ్మా నీకీ బరువు, పాత సామాన్లవాడు వచ్చినప్పుడు తూకానికి ఇచ్చేద్దాం" అన్నాడు. సరేనని పక్క ఊళ్ళో మిషన్లు బాగుచేసే ఒకాయనకు చూపిస్తే, ఆయన మూత కూడా పూర్తిగా తీయకుండానే, "తల మార్చాల్సిందేనండీ, కొత్త తల నేనిప్పిస్తాను, ఈ పాతది ఎలాగూ మీకు పనికిరాదు కాబట్టి నేనే తీసుకెళతాను" అన్నాడు. తల అంటే సూదీ చక్రమూ ఉండే పైభాగం. పనికిరాని వస్తువును అంత శ్రమపడి మోసుకెళతానన్న ఆయన ఔదార్యమే నాకు అనుమానం కలిగించింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కింద పెట్టుకుని హైదరాబాదు తెచ్చుకున్నాను.

మీకు అసలు ఉపయోగపడే సంగతి ఇక్కడ మొదలవుతుంది. బిగుసుకుపోయిన మిషనును చూడగానే అందరూ తుప్పు అంటారు. నా అనుభవంలో దోషం తుప్పుది కాదు, నూనెది. మిషను నూనె అయిపోయిన రోజున అమ్మమ్మ వంటింట్లోంచి నువ్వుల నూనె తెచ్చి చుక్కలు వేసేదని మా అమ్మ తరువాత ఒప్పుకుంది. ఇనుము మీద పలుచటి పొరగా గాలికి ఉన్న వంటనూనె ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కబడి, జిగురై, చివరకు వార్నిషులా గట్టిపడిపోతుంది. అంటే మీ మిషను విరగనూ లేదు, అరగనూ లేదు, అతుక్కుపోయింది. అతుక్కున్నదాన్ని కరిగించాలే గానీ బలంతో విడదీయకూడదు. సుత్తి, పట్టకారు పట్టుకుని సాయానికి వచ్చే మగవాళ్ళను ఆ నాలుగు రోజులు ఏదైనా పని మీద బయటికి పంపించండి.

నేను బాల్కనీలో దినపత్రిక పరిచి, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో, నూనె కోసం పెట్టిన ప్రతి బెజ్జంలోనూ, ఇనుము మీద ఇనుము రాసుకునే ప్రతిచోటా కిరోసిన్ చుక్కలు వేశాను. మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో సూదిని పట్టి ఉంచే కడ్డీ చుట్టూ వెచ్చబెట్టి, మళ్ళీ కిరోసిన్ వేశాను. బిగించే మరల (స్క్రూల) నెత్తిన ఉన్న గాడుల్లోంచి పసుపూ కుంకుమా ముద్దకట్టి ఊడివచ్చాయి. ఎన్ని దసరాల పూజో అది, గుండుసూదితో గీకితే పొరలు పొరలుగా రాలింది. మూడో రోజు సాయంత్రం చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతుండగా సూది కడ్డీ నువ్వుగింజంత కిందికి దిగింది. ఆ తరువాత గంటసేపు నేను వేరే పని చేయలేదు. ఊపడం, చుక్క వేయడం, మళ్ళీ ఊపడం. రాత్రి తొమ్మిదింటికి చక్రం ఒక్కసారిగా పూర్తి చుట్టు తిరిగింది. కిరోసిన్ జిడ్డును కడుగుతుందే గానీ నూనెలా పని చేయదు కాబట్టి, దాన్ని శుభ్రంగా తుడిచి మిషను నూనె వేసే వరకూ ఆగలేక అలాగే తిప్పుతూ కూర్చోవడం నా తప్పే.

సూది కింద ఉండే ఇనుప బల్ల మీది జారుడు పలక తీస్తే, కింది దారాన్ని మోసే షటిల్ తుపాకీ గుండు ఆకారంలో బయటపడింది. కింది దారం చుట్టుకునే బాబిన్ కూడా ఇప్పటి మిషన్లలోలా గుండ్రటిది కాదు. సన్నగా పొడుగ్గా, రెండు చివర్లా చిన్న బిళ్ళలున్న కడ్డీ. దానికి ఆకుపచ్చ దారం సగం చుట్టి ఉంది. ఎవరి జాకెట్టు మధ్యలో ఆగిపోయిందో గానీ, వేలితో తాకగానే ఆ దారం పొడుగునా తెగింది.

ఇంత చేశాక అన్నీ బిగించి పిడి తిప్పితే చక్రం తిరుగుతోంది, సూది మాత్రం కదలడం లేదు. ఆదివారమంతా దానితోనే గడిచింది. చివరకు అమ్మకు ఫోను చేస్తే, "చక్రం మధ్యలో పెద్ద మర కింద ఒక వాషరు ఉంటుంది, అది తిరగబడిందేమో చూడు, మా అమ్మ ప్రతిసారీ దాన్నే తిట్టుకునేది" అంది. ఆ వాషరుకు బయటివైపు మూడు పళ్ళు, లోపలివైపు రెండు చెవులు ఉంటాయి. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు సూది ఆగి చక్రం మాత్రం తిరిగేలా, కుట్టేటప్పుడు రెండూ కలిసి తిరిగేలా చేసేది అదే. దాన్ని తీసి సగం చుట్టు తిప్పి పెట్టి మర బిగించగానే సూది పైకీ కిందికీ ఆడింది. ముప్ఫై ఏళ్ళుగా అమ్మకు తెలిసిన ఈ రహస్యం నేను అడగనందువల్లే నాకు తెలియలేదు.

నేను చేసిన అసలు ఘోరం ఇంకొకటి ఉంది. బంగారు బొమ్మలు తళతళలాడాలని దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. ఈ పాత మిషన్ల బొమ్మల మీద రక్షణగా పూసే పొర లక్కతో చేసినది. అది స్పిరిట్‌లో కరుగుతుంది. రెండు మూడు రుద్దులకే దూది బంగారు రంగుకు తిరిగింది, స్ఫింక్సుకు మొహం లేకుండా పోయింది. ఇన్నేళ్ళ కుంకుమ చేయని పని నేను ఒక్క నిమిషంలో చేశాను. మీరు మాత్రం మెత్తటి గుడ్డకు మిషను నూనె అద్ది నెమ్మదిగా తుడవండి, అంతకుమించి ఏమీ చేయకండి. కొత్తగా నల్లరంగు కొట్టించమనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు, వినకండి.

మీ మిషను వయసు తెలుసుకోవాలనుంటే తల అడుగున ఉండే ఇనుప బల్ల మీద చెక్కి ఉన్న నంబరు చూడండి. సింగర్ అయితే దాన్ని బట్టి ఎక్కడ, ఎప్పుడు తయారైందో చెప్పవచ్చు. మా అమ్మమ్మ మిషను నంబరు వై అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది. అంటే 1920లలో గానీ, 1930ల మొదటి సగంలో గానీ స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ ఫ్యాక్టరీ 1885లో తెరిచి 1980లో మూసేశారు. తనను కన్న ఫ్యాక్టరీ పోయిన తరువాత కూడా ఇది పదహారేళ్ళు మా వీధి జాకెట్లు కుట్టింది. మీది ఉషా అయినా తీసిపారేయవలసినది కాదు. 1930ల మధ్యలో మన దేశంలోనే మొదలైన తయారీ అది, విడిభాగాలు దొరకడంలో సింగర్ కన్నా నయం.

ఇక మీ కాలి మిషను సంగతి. ముందు బెల్టు తీసేసి, పైన తలకున్న చక్రాన్ని విడిగా, కింద స్టాండుకున్న పెద్ద చక్రాన్ని విడిగా తిప్పి చూడండి. బిగుతు తలలో ఉందో కాళ్ళలో ఉందో ఆ ఒక్క పరీక్షతోనే తేలిపోతుంది. చాలామంది తల పాడైందని మెకానిక్కు డబ్బు పోసి వస్తారు గానీ, తొక్కుడు పలకకూ చక్రానికీ మధ్య ఉండే కడ్డీ కీళ్ళలో జుట్టు, దారాలు, బొద్దింక రెక్కలు ఇరుక్కుని ఉంటాయి. తోలు బెల్టు సాగిపోయి జారుతుంటే కొత్తది కొననవసరం లేదు, కొద్దిగా కోసి క్లిప్పు మళ్ళీ గుచ్చుకుంటే చాలు. సూదిని మాత్రం తప్పకుండా మార్చండి, కొత్తది బిగించేటప్పుడు దాని పొడుగాటి గాడి దారం ఎక్కించే వైపుకు ఉండాలి. తిరగేసి పెట్టి, కుట్టు పడడం లేదని మిషనును తిట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. కింది దారం బిగువు చూడడానికి, మీది గుండ్రటి బాబిన్ అయితే, బాబిన్ కేసును దారంతో వేలాడదీసి కొంచెం ఎగరేయండి. ఒక అంగుళం జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు, జర్రున నేలకు దిగితే మర బిగించాలి.

తొక్కడం మొదట దారం లేకుండా, కాగితం మీద నేర్చుకోండి. చక్రం పైభాగం మీ వైపుకు వచ్చేలా తిరగాలి. వెనక్కు తిరిగితే దారం చిక్కుపడుతుంది. పాదం మొత్తం పలక మీద ఉంచి, మడమా వేళ్ళూ వంతులవారీగా నొక్కాలి. వారం రోజులకు అది నడకలా అలవాటవుతుంది.

దీనికి మోటారు బిగించమనే సలహా ఎక్కడికి వెళ్ళినా ఎదురవుతుంది. నాకు అది బొత్తిగా నచ్చదు. కాలితో తొక్కేటప్పుడు మూల దగ్గర ఒక్కొక్క కుట్టు చొప్పున వేయగలం, కాలి వేగమే సూది వేగం కాబట్టి చేయి సూది కింద పడే భయమూ తక్కువే. మోటారు వచ్చాక దుప్పటి అంచు రెండు నిమిషాల్లో అయిపోతుంది, తప్పుగా కుట్టినదాన్ని విప్పడానికి గంట పడుతుంది. దీనికన్నా బాధాకరమైనది ఇంకొకటి, పాత స్టాండు మీద గాజు పలక పెట్టి కాఫీ బల్ల చేయడం. హైదరాబాదులో అలంకారం బాగున్న ప్రతి హోటలులోనూ ఒకటి కనిపిస్తుంది. నేను మర్యాద మరచి వంగి చూసి, తల ఏం చేశారని అడుగుతాను, ఇంతవరకూ ఒక్కరూ జవాబు చెప్పలేదు.

యంత్రాలు మనుషుల పొట్ట కొడతాయని వాదించిన గాంధీగారే 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. మనిషి కనిపెట్టిన కొద్దిపాటి పనికొచ్చే వస్తువుల్లో అది ఒకటన్నారు. భార్య కుట్టుపనితో పడే అవస్థ చూడలేక సింగర్ దీన్ని తయారుచేశాడని ఆయన విన్న కథ మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. ఆ సింగరుకు ఒకేసారి ఒకటికి మించిన సంసారాలు ఉండేవి. పైగా, మొన దగ్గర బెజ్జం ఉన్న సూదితో కుట్టే మిషనుకు 1846లోనే పేటెంటు పుచ్చుకున్న ఎలియాస్ హోవే కోర్టుకెక్కి, సింగర్ చేత రాయల్టీ కట్టించుకున్నాడు.

కొత్త కరెంటు మిషను అక్కరలేదని నేను అనను. సాగే బట్టలు, కాజాలు, పికో మీకు ముఖ్యమైతే అదీ కొనుక్కోండి. పాతది తిన్నటి కుట్టు తప్ప ఏమీ వేయదు, నా దానికైతే వెనక్కు కుట్టే సదుపాయం కూడా లేదు, చివర్లో బట్టనే తిప్పి నాలుగు కుట్లు వేసుకోవాలి. అయినా దిండు గలీబులు, సంచులు, పిల్లల గౌనులు, చీరకు ఫాల్, అన్నీ దాని మీదే అవుతున్నాయి. నాలుగు మడతల జీన్సు అంచు కూడా ఎదురుచెప్పకుండా కుట్టింది.

మీరు ఈ ఆదివారం బెల్టు తీసి రెండు చక్రాలూ విడివిడిగా తిప్పి చూసి, ఏది కదలలేదో ఇక్కడ రాయండి. పైది కదలకపోతే మాత్రం, మీ నాయనమ్మగారు మిషనుకు ఏ నూనె వేసేవారో మీ నాన్నగారిని అడిగి అది కూడా రాయండి.