కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ ఎంపిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో నేల అంతా టైల్స్, ఒక్క గదిలో మాత్రం కార్పెట్ ఉంది. నడుము నొప్పి వల్ల బరువైన పాత వాక్యూమ్ క్లీనర్‌ను గదిగదికీ లాగలేక కార్డ్‌లెస్ రకం కొనాలనుకుంటున్నాను. ఒక ప్రకటనలో 25,000 పాస్కల్స్ అని, మరొకదానిలో 150 ఎయిర్ వాట్లు అని, ఇంకొకదానిలో 400 వాట్ల మోటారు అని రాశారు. ఒక్క ఛార్జింగ్‌తో గంటసేపు పనిచేస్తుందని మాత్రం అందరూ చెబుతున్నారు. వీటిని ఎలా పోల్చుకోవాలి?

జవాబు: మీరు రాసిన మూడు అంకెలూ మూడు వేర్వేరు విషయాలను కొలుస్తాయి కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో తేల్చడం కుదరదు. పాస్కల్ పీడనానికి కొలమానం. గాలి లోపలికి వెళ్ళే దారిని పూర్తిగా మూసి, అప్పుడు ఏర్పడే పీడన వ్యత్యాసాన్ని చూసి ఆ అంకె వేస్తారు. స్ట్రా కొసను వేలితో మూసి గట్టిగా పీల్చినప్పుడు బుగ్గలు లోపలికి పోతాయే గానీ నోట్లోకి ఏమీ రాదు, ఇదీ అటువంటిదే. దుమ్మును మోసుకొచ్చేది కదిలే గాలి. ఇక వాట్లు మోటారు బ్యాటరీ నుంచి ఎంత విద్యుత్తు తీసుకుంటుందో చెబుతాయి తప్ప, అందులో ఎంత భాగం దుమ్ము లాగడానికి ఉపయోగపడిందో చెప్పవు. పీడనాన్నీ గాలి ప్రవాహాన్నీ కలిపి లెక్కించేది ఎయిర్ వాట్ గనుక మూడింటిలో దానికే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. అయితే ప్రకటనల్లో కనిపించేది సాధారణంగా గరిష్ఠ వేగంలో వచ్చిన అంకె అని, ఆ వేగంలో యంత్రం ఎంతసేపు నడుస్తుందన్నది వేరే ప్రశ్న అని గుర్తుంచుకోండి.

ఆ ప్రశ్నకు సమాధానం బ్యాటరీ మీదే ముద్రించి ఉంటుంది. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి అదే. ఒక్కొక్కటి 3.6 వోల్టుల లిథియం అయాన్ సెల్స్‌ను ఏడింటిని వరుసగా కలిపితే 25.2 వోల్టులు. అవి 2.5 ఆంపియర్ అవర్ల సెల్స్ అయితే మొత్తం శక్తి 63 వాట్ అవర్లు. 400 వాట్ల మోటారును పూర్తి వేగంతో నడిపితే ఈ శక్తి తొమ్మిదిన్నర నిమిషాల్లో అయిపోతుంది. అదే మోటారును 80 వాట్ల వేగానికి తగ్గిస్తే సుమారు 47 నిమిషాలు వస్తుంది. ప్రకటనలో చెప్పే గంట ఇలా అన్నిటికన్నా తక్కువ వేగంలో, చాలాసార్లు తిరిగే బ్రష్ లేని చిన్న గొట్టం తగిలించి కొలిచిన సమయం. అందువల్ల పాత యంత్రంతో ఇల్లు శుభ్రం చేసేటప్పుడు అది నిజంగా నడిచిన సమయాన్ని గడియారంలో చూసి రాసుకుని, మధ్యస్థ వేగంలో అంతకన్నా కొంత ఎక్కువసేపు నడిచేదాన్ని ఎంచుకోండి. మధ్యస్థ వేగంలో ఎంతసేపు నడుస్తుందో వివరాల పత్రంలో రాయని కంపెనీని నేను సందేహంతోనే చూస్తాను.

మీ నడుము దృష్ట్యా బరువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ రకం యంత్రాలు చాలావరకు రెండున్నర నుంచి మూడు కిలోల మధ్య ఉంటాయి. మోటారు, బ్యాటరీ, దుమ్ము డబ్బా మూడూ పిడి దగ్గరే ఉండే నమూనాలో నేల ఊడ్చేటప్పుడు కొంత బరువును నేల మోసినా, మిగిలినది మణికట్టు మీద పడుతుంది. అలమరా పైభాగానికో, కర్టెన్లకో ఎత్తి పట్టుకున్నప్పుడైతే మొత్తం బరువు చేతి మీదే. కొనే ముందు దుకాణంలో ఐదు నిమిషాలు పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిపి చూడండి. గొట్టం పొడవు మీ ఎత్తుకు సరిపోయి, వంగకుండా నిలబడే పనిచేయగలుగుతున్నారా, పనిచేసినంతసేపూ మీటను వేలితో నొక్కి పట్టుకోవాలా, ఒకసారి నొక్కి వదిలేస్తే చాలా అన్నది కూడా గమనించండి. వేలితో నొక్కి ఉంచాల్సిన మీట నొప్పి ఉన్నవారికి తగదని నా అభిప్రాయం.

టైల్స్‌కు మెత్తటి గుడ్డలాంటి రోలర్ కావాలి, ఎందుకంటే గట్టి కుచ్చుల బ్రష్ గట్టి నేల మీద ఇసుక రేణువులను లోపలికి తీసుకునేలోపే చెదరగొడుతుంది. కార్పెట్‌కు దీనికి విరుద్ధంగా, సొంత మోటారుతో తిరుగుతూ పోగుల మధ్య నుంచి దుమ్మును పైకి లేపే కుచ్చుల బ్రష్ ఉండాలి. మీకు రెండూ అవసరం కాబట్టి రెండు తలలతో (నేలను తాకే బ్రష్ భాగాలతో) వచ్చేదాన్ని, లేదా మెత్తటి వరుసా కుచ్చుల వరుసా ఒకే రోలర్‌లో ఉన్నదాన్ని చూడండి. రోలర్‌కు జుట్టు చుట్టుకోవడం ఎలాగూ తప్పదు. రోలర్‌ను పనిముట్లు లేకుండా బయటికి తీయగలిగితే చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి దుమ్ము పడదు. హెపా ఫిల్టర్ (అతి సన్నని దుమ్మును కూడా ఆపే వడపోత) ఉన్నది కొంటే సరిపోతుందా?

జవాబు: ఫిల్టర్ ఒక్కటే చాలదండి. ఐరోపా ప్రమాణంలో హెచ్13 శ్రేణి హెపా ఫిల్టర్, అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైన పరిమాణంలోని రేణువులను కూడా 99.95 శాతం ఆపాలి. అమెరికాలో పాటించే కొలత ప్రకారం 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులను 99.97 శాతం ఆపాలి. కానీ గాలి ఆ ఫిల్టర్ గుండానే బయటికి పోవాలి కదా! డబ్బా మూత దగ్గరా, అతుకుల దగ్గరా సందులుంటే దుమ్ము వాటిలోంచి మళ్ళీ గదిలోకే వస్తుంది. కాబట్టి యంత్రమంతా గాలి చొరబడకుండా మూసి ఉందని కంపెనీ స్పష్టంగా రాసిందో లేదో చూడండి. కొన్నాక కొన్ని వారాలకు ఫిల్టర్ తీసి దాని వెనుక వైపు, చుట్టూ ఉన్న రబ్బరు అంచును పరిశీలించండి. అక్కడ దుమ్ము కనిపిస్తే సీలు సరిగా లేదని అర్థం.

అసలు ఇబ్బంది డబ్బా ఖాళీ చేసేటప్పుడు వస్తుంది. డబ్బాలు అర లీటరు అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి తరచూ ఖాళీ చేయాలి, అంత జాగ్రత్తగా వడకట్టిన దుమ్మంతా ఆ ఒక్క క్షణంలో పైకి లేస్తుంది. ఆ పని మీ అబ్బాయికి అప్పగించకుండా మీరే మాస్కు కట్టుకుని ఆరుబయట చేయండి. కడగవచ్చని రాసి ఉన్న ఫిల్టర్‌ను మాత్రమే కడిగి, కనీసం 24 గంటలు పూర్తిగా ఆరనిచ్చి తిరిగి బిగించండి; తడి ఫిల్టర్ గాలిని అడ్డుకుంటుంది, బూజు వాసనకు కారణమవుతుంది, మోటారునూ పాడుచేస్తుంది.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం కొన్న కార్డ్‌లెస్ ఇప్పుడు కొద్ది నిమిషాలకే ఆగిపోతోంది. కొత్తది కొనవలసిందేనా?

జవాబు: తొందరపడకండి. మోటారు ఆగి ఆగి తిరుగుతున్నట్టు శబ్దం వస్తే ముందు ఫిల్టర్‌నూ గొట్టాన్నీ చూడండి, అవి మూసుకుపోయినా చాలా యంత్రాలు వాటంతట అవే ఆగిపోతాయి. అవి శుభ్రంగా ఉండి, పనిచేసే సమయం మాత్రం నెలనెలా తగ్గుతూ వచ్చిందంటే బ్యాటరీ అరిగింది. లిథియం అయాన్ సెల్స్ సాధారణంగా 300 నుంచి 500 పూర్తి ఛార్జింగుల తర్వాత తమ సామర్థ్యంలో సుమారు 80 శాతానికి చేరతాయి, వేడిలో ఉంచితే ఇంకా ముందే. మీ యంత్రంలో బ్యాటరీ విడిగా ఊడివచ్చేదైతే తయారీదారు అమ్మే అసలు బ్యాటరీని తెప్పించి మార్చుకోండి. పేరూ వివరాలూ లేని చవక బ్యాటరీలలో రక్షణ వలయం (సర్క్యూట్) ఉందో లేదో తెలియదు, వాటివల్ల మంటలు లేచే ప్రమాదం ఉంది. బ్యాటరీ లోపలే బిగించి ఉన్నదైతే తయారీదారు సేవా కేంద్రాన్ని అడగాలి. ఈ కారణం వల్లే, విడిగా ఊడిరాని బ్యాటరీ ఉన్న యంత్రాన్ని ఎంత బాగా పనిచేసినా ఎవరికీ సిఫారసు చేయలేను. తీసేసిన పాత బ్యాటరీ కొనలకు టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించేవారికి ఇవ్వండి. మామూలు చెత్తలో కలిపితే అది నలిగి అంటుకోవచ్చు.