తాడు పట్టుకుంటే చాలట, నిజమేనా?

ప్రశ్న: మా అబ్బాయి రష్యాలో ఇర్కుట్స్క్‌లో మెడిసిన్ చదువుతున్నాడండి. బైకాల్ సరస్సు గడ్డకట్టాక మంచుకి కన్నం కోసి కిందకి దిగే డైవర్లతో స్నేహమైందట, మార్చిలో వాళ్ళతో వెళ్తానంటున్నాడు. "నేను దిగనమ్మా, పైన నుంచుని తాడు పట్టుకుంటా, అదేం పెద్ద పని కాదు" అంటాడు. నాకు నిద్ర పట్టట్లేదు.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, దిగేవాళ్ళకున్నంత ప్రమాదం మీ వాడికి ఉండదు, ఆ విషయంలో కాస్త కుదుటపడండి. కానీ పెద్ద పని కాదనుకుంటున్నాడు చూడండి, నాకు బెంగ అక్కడే. పుష్కరాలప్పుడు మన కృష్ణ ఘాట్ల దగ్గర గజ ఈతగాళ్ళని చూసుంటారుగా, వాళ్ళకి ఊపిరాడకపోతే ఎక్కడికక్కడ పైకి తేలిపోవచ్చు, బైకాల్‌లో అలా కుదరదు, నెత్తిన మీటరు దాకా మంచు, బయటికి దారి దిగిన కన్నం ఒక్కటే. అందుకే డైవర్ ఒంటికి హార్నెస్ అనే గట్టి పట్టీలు వేసి తాడు కడతారు, రెండో కొసని మంచులోకి బిగించిన ఐస్ స్క్రూకి కడతారు, ఆ తాడు చేతిలో పట్టుకుని ఉండేవాడే టెండర్. మరీ బిగిస్తే కిందవాడు కదల్లేడు, మరీ వదిలితే తాడు కాళ్ళకి చుట్టుకుంటుంది, పైగా అతను లాగి చేసే సైగ చేతికి తెలీదు. ఎన్నిసార్లు లాగితే ఏంటర్థం అన్నది టీమ్‌ని బట్టి మారుతుంది కాబట్టి దిగేముందే మాట్లాడుకుని ఒకసారి గట్టు మీదే లాగి చూసుకోవాలి. ఇక్కణ్ణించి సైగ చేస్తే అటునుంచి జవాబు రాలేదంటే ఇంక ఆలోచించడానికి టైముండదు, స్టాండ్‌బై డైవర్ దిగాల్సిందే. అతను సూటూ సిలిండరూ వేసుకుని కన్నం పక్కనే రెడీగా కూర్చునుండాలి, అతని తాడు కిందవాడి తాడుకన్నా పొడుగుండాలి. తాడు ఊడిపోయినవాడు దారి వెతుక్కుంటూ తిరక్కూడదు, పైకొచ్చి మంచుకి ఆనుకుని ఆగిపోవాలి, అప్పుడు స్టాండ్‌బై గుండ్రంగా ఈదుతుంటే అతని తాడు వచ్చి వీడికి తగులుతుంది. చలి వల్ల ఇంకో చిక్కు, సిలిండర్‌లో గాలి ఒత్తిడి తగ్గి బయటికొచ్చేటప్పుడు బాగా చల్లబడి, ఆ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌లో మంచు కడుతుంది, వాల్వ్ మూసుకోక గాలంతా నిమిషాల్లో పోతుంది, అందుకే రెండు రెగ్యులేటర్లు వేర్వేరుగా పెట్టుకుంటారు. నీళ్ళపైన బుడగలు ఒక్కసారిగా పొంగితే ముందు గమనించాల్సింది కూడా మీ వాడే, కాబట్టి తాడు చేతిలో ఉన్నంతసేపూ ఫోనూ ఫొటోలూ వద్దనండి.

ప్రశ్న: వాణ్ణి వెళ్ళనివ్వమంటారా? (అదే ఉత్తరంలో)

జవాబు: స్టాండ్‌బై డైవర్ ఉన్నాడా, నాకు నేర్పించేదెవరు అని వాణ్ణే అడిగి తెలుసుకోమనండి. స్టాండ్‌బై లేని టీమ్ అయితే మాత్రం గట్టిగా వద్దనండి. కన్నం అంచు తడిసి జారుతుంది, బూట్లకి మేకుల పట్టీలు ఉండాలి, తాడు తడితో గ్లవ్స్ నానిపోతాయి కాబట్టి ఇంకో జత ఉంచుకోవాలి, వేళ్ళు తిమ్మిరెక్కితే సిగ్గుపడకుండా ఇంకొకరికి తాడు అందించెయ్యాలి. ఏప్రిల్‌కి వాయిదా వేశారంటే మాత్రం మంచు బలం ఎలా ఉందో అక్కడివాళ్ళు చూసి చెప్పాకే కాలు పెట్టాలి.