స్కీమ్ సైకిల్ కొనేముందు లెక్క చివరిదాకా వేసుకో

తమ్ముడూ, ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చిన కొత్తలోనే 'సైకిల్ టు వర్క్' స్కీమ్‌లో రోడ్ బైక్ తీసుకుని ఆఫీసుకు వెళ్ళాలనుకోవడం మంచి ఆలోచన. బస్సు ఖర్చు తప్పుతుంది, ఒంటికీ మంచిది. కానీ స్కీమ్‌లో 28 శాతం తగ్గుతుంది కాబట్టి 2,000 పౌండ్ల బైక్ చూస్తున్నానన్నావే, అక్కడే నాకు భయం వేసింది. కొత్తలో నేనూ అచ్చం ఇలాగే లెక్కలేశాను.

అది డిస్కౌంటు కాదు, అద్దె. సైకిల్‌ని కంపెనీ కొని నీకు అద్దెకిస్తుంది. ఆ అద్దెను పన్ను పడకముందే జీతంలోంచి తీసుకుంటారు. దాంతో నీ స్లాబులో 20 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి ప్రభుత్వ భద్రతకు జీతంలోంచి పట్టుకునే కోత) మిగులుతాయి. 1,000 పౌండ్ల సైకిల్‌కి నీ చేతి నుంచి పోయేది 720, అంటే ఏడాదిపాటు నెలకు 60. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఏడాది తిరిగాక కూడా సైకిల్ నీది కాదు. అప్పటికప్పుడు సొంతం చేసుకోవాలంటే పన్నుల శాఖ పట్టిక ప్రకారం దాని విలువ 25 శాతం, అంటే ఇంకో 250 కట్టాలి. మొత్తం 970 అయింది. ఇంత చేస్తే మిగిలింది 30 పౌండ్లు! అదే అద్దె ఒప్పందాన్ని ఇంకో మూడేళ్ళు పొడిగించుకుంటే 7 శాతంతో, 70 పౌండ్లతో సరిపోతుంది, నెలనెలా కోత కూడా ఉండదు. మీ కంపెనీ ఒప్పందంలో ఈ వీలుందో లేదో ముందు చూడు.

నేను ఇవేవీ చూడకుండా కార్బన్ ఫ్రేమున్న రేసింగ్ బైక్ తీసుకున్నాను. కొన్ని నెలలకే మంచి ఉద్యోగం వచ్చి కంపెనీ మారాను. మానేస్తే మిగిలిన అద్దె మొత్తం ఆఖరి జీతంలో, అదీ పన్ను పోగా చేతికొచ్చే డబ్బులోంచి, ఒకేసారి పట్టుకుంటారని ఆ పేస్లిప్ చూశాకే తెలిసింది. కొత్త ఇంటి డిపాజిట్, అద్దె అన్నీ ఆ నెలలోనే. ఇంటికి పంపాల్సిన డబ్బు ఆగిపోయింది, అమ్మ మందులకు అన్నయ్య అప్పు తెచ్చాడు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత ప్రతి పౌండూ రాసుకుంటూ వచ్చాం కాబట్టే ఈ రోజు సొంత ఇల్లుంది. మీ తరం కుర్రాళ్ళు నెలకు ఎంత అనే చూస్తారు, మొత్తం ఎంతో చూడరు.

పైగా ఆ బైక్ ఇక్కడి వానకు పనికిరాలేదు. టైరుకీ ఫ్రేముకీ మధ్య చిటికెన వేలు కూడా దూరదు, ఇక మడ్‌గార్డు ఎక్కడ పడుతుంది? అక్టోబరు నుంచి వీపంతా బురదే. కాబట్టి అల్యూమినియం ఫ్రేము, డిస్క్ బ్రేకులు, 32 మిల్లీమీటర్ల టైర్లు, మడ్‌గార్డుకీ వెనక క్యారియర్‌కీ బోల్టు రంధ్రాలు ఉన్నది చూడు. గేర్లు షిమానో కంపెనీ మామూలు రకాలైన క్లారిస్ గానీ సోరా గానీ చాలు. 800 పౌండ్లు దాటకు. సైజు మాత్రం షాపులో ఎక్కి తొక్కి చూసుకున్నాకే ఖాయం చెయ్యి.

తాళం, లైట్లు, హెల్మెట్ కూడా స్కీమ్‌లోనే వస్తాయి, విడిగా కొనకు. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే పొద్దు గూకుతుంది. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా తొక్కడం చట్టవిరుద్ధం. తాళం సోల్డ్ సెక్యూర్ (తాళాల గట్టితనాన్ని పరీక్షించే సంస్థ) గోల్డ్ ముద్ర ఉన్నదే తీసుకో, సైకిల్ పోయినా అద్దె ఆగదు. సేల్‌లో ఉన్న సైకిళ్ళకు కొన్ని షాపులు స్కీమ్ ఒప్పుకోవు, స్కీమ్ నడిపేవాళ్ళకు అవి కమిషన్ కట్టాలి కాబట్టి. సేల్ ధర, స్కీమ్ ధర రెండూ అడుగు.

అద్దె కోత పోగా నీ జీతం వీసా జీతం పరిమితి కన్నా, కనీస వేతనం కన్నా తగ్గుతుందేమో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడిగాకే సంతకం పెట్టు. ఏడాదిలోపు ఉద్యోగం మారే ఆలోచన ఏ మూలన్నా ఉంటే స్కీమ్ జోలికే పోకు. సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొనుక్కుని ఈ చలికాలం గడిపెయ్యి.