బత్తాయిలో కొవ్వొత్తి నిలవాలంటే

ప్రశ్న: క్రిస్మస్‌కు సండే స్కూల్ పిల్లలతో క్రిస్టింగిల్ ఆరాధన (పండులో కొవ్వొత్తి గుచ్చి వెలిగించేది) చేద్దామనుకుంటున్నాం. పండులో గుచ్చిన కొవ్వొత్తి ఒరిగిపోతోంది, మైనం చేతులమీద కారుతోంది. ఏం చేయాలి?

జవాబు: కమలాపండు తొక్క వదులు, తొనలు విడిపోతాయి, కొవ్వొత్తికి పట్టు దొరకదు. గట్టి బత్తాయి తీసుకోండి. తొడిమ వైపు 2 సెంటీమీటర్ల లోతున, కొవ్వొత్తి కన్నా కాస్త సన్నగా గుంట చేయండి. అరచేతి వెడల్పు ఫాయిల్ ముక్కను కొవ్వొత్తి అడుగుకు చుట్టి గుంటలో దించండి. బిగుస్తుంది, పైన మిగిలిన ఫాయిల్ అంచులు మైనాన్ని పడతాయి.

పండు లోకానికి, వెలుగు క్రీస్తుకు, పండు నడుముకు చుట్టే ఎర్ర రిబ్బన్ ఆయన రక్తానికి గుర్తు. నాలుగు టూత్‌పిక్‌లకు ఎండుద్రాక్ష గుచ్చి, వాటిని పండులో దించండి. మొనలు బయటికి రానివ్వొద్దు. ఈ ఆరాధన మొదలైన 1747లో జర్మనీలో మొరేవియన్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) పిల్లలకు ఇచ్చింది రిబ్బన్ కట్టిన కొవ్వొత్తే. అందుకే పండు దొరకకపోయినా ఆరాధన ఆపకండి.

వెలిగించే ముందు ఫ్యాన్లు ఆపండి, జడలు వెనక్కి వేయించండి. చిన్నపిల్లలకు బ్యాటరీ దీపమే ఇవ్వండి.